రాయనివ్వని పెన్‌డ్రైవ్

గుంటూరులో కంప్యూటర్ రిపేరు షాపు నడిపే వదినకీ, హైదరాబాదులో డేటా రికవరీ పనిలో ఉన్న ఆడపడుచుకీ మధ్య నడిచిన వాదం ఇది. చెడిపోయిన పెన్‌డ్రైవ్‌లో మెమరీని నడిపే కంట్రోలర్ చిప్‌కి ఫర్మ్‌వేర్ మళ్లీ ఎక్కించి దాన్ని పనిలోకి తేవడం మంచిదేనా అన్నది తగువు. ఇద్దరూ టంకం పొగ పీల్చినవాళ్లే, విన్న మాటలు చెప్పేవాళ్లు కాదు. నా మొగ్గు ఎటో దాచను: ఆడపడుచు వైపే కొంచెం ఎక్కువ. అయినా వదిన చెప్పినవాటిలో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి, అందుకే రెండు పక్షాలూ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ఆడపడుచు: వదినా, పనిచేయని పెన్‌డ్రైవ్ ఒకటి నీ బల్ల మీదికి వచ్చిందనుకో. మొట్టమొదట ఏం చేస్తావు?

వదిన: చిప్‌జీనియస్ అనే ప్రోగ్రాం తెరిచి చూస్తాను. యూఎస్‌బీకి తగిలించిన ప్రతి వస్తువూ తయారీదారు సంఖ్య ఒకటి, వస్తువు సంఖ్య ఒకటి చెబుతుంది. 0951 అంటే కింగ్‌స్టన్, 0781 అంటే శాన్‌డిస్క్. అయితే అవి బ్రాండు సంగతే చెబుతాయి, లోపల ఎవరి కంట్రోలర్ ఉందో చెప్పవు. పైగా వాటిని ఎవరైనా మార్చి రాసుకోవచ్చు. అనుమానం వస్తే డొప్ప విప్పి, చిప్ మీద అచ్చువేసిన నంబరు భూతద్దం పెట్టి చదువుతాను. ఫైసన్, సిలికాన్ మోషన్, ఆల్కార్, చిప్స్‌బ్యాంక్, ఫస్ట్‌చిప్, ఇలాంటివే ఎక్కువగా తగులుతాయి. పక్కనే ఉన్న మెమరీ చిప్ ఎవరిదో, దాని ఐడీ ఎంతో కూడా తెలియాలి. ఒకే మోడల్ పేరుతో, ఒకే రంగు డొప్పతో వచ్చిన రెండింటిలో రెండు కంపెనీల కంట్రోలర్లు ఉండటం మామూలే. కంట్రోలర్‌కీ మెమరీకీ రెండింటికీ సరిపోయే ఎంపీటూల్, అంటే ఫర్మ్‌వేర్ ఎక్కించే ఫ్యాక్టరీ ప్రోగ్రాం, దొరికితేనే ముందుకెళ్తాను. శాన్‌డిస్క్ లాంటివాళ్లు సొంత కంట్రోలర్లు వాడతారు, వాటికి టూల్ బయట దొరకదు. అవి వస్తే ఇది నా వల్ల కాదని చెప్పేస్తాను.

ఆడపడుచు: ఇన్ని చెప్పావు గానీ, తెచ్చినవాళ్లని అందులో ఏముందని అడగడం నీ వరసలో లేదు.

వదిన: అడగకుండా ఎందుకుంటాను? చాలామంది "పాటలే, పోయినా ఫర్వాలేదు" అంటారు.

ఆడపడుచు: ఆ మాట నమ్మకు. తెచ్చేది ఒకరు, అందులో దాచుకున్నది ఇంకొకరు. పాటలే అని కొడుకు అంటాడు. తండ్రి అదే పెన్‌డ్రైవ్‌లో స్థలం దస్తావేజుల స్కాన్లు పెట్టుకుని ఉంటాడు. పెళ్లి ఫొటోగ్రాఫరు ఇచ్చిన ఆల్బమ్ మొత్తం ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉండి, ఇంకెక్కడా కాపీ లేని ఇళ్లు నాకు చాలా తెలుసు. ఎంపీటూల్‌లో స్టార్ట్ నొక్కేముందు ఈ ప్రశ్నకి జవాబు రావాలి: నీకు కావలసింది పెన్‌డ్రైవా, అందులో ఉన్నదా? రెండూ కావాలంటే కుదరదు.

వదిన: కుదరదని నాకూ తెలుసు. నువ్వు దాన్ని నేరంలా మాట్లాడుతున్నావు. అసలు జరిగేదేంటో చెబుతాను విను. మన ఊరి అడంగల్ కాలిపోయిందనుకో. పొలాలు ఎక్కడివక్కడే ఉంటాయి, పైరూ ఉంటుంది. ఏది ఎవరిదో చెప్పే కాగితమే లేదు. పెన్‌డ్రైవ్‌లోనూ అంతే. కంప్యూటర్ ఫలానా నంబరు సెక్టార్ ఇమ్మంటుంది. అది నిజంగా మెమరీలో ఏ బ్లాకులో, ఏ పేజీలో ఉందో కంట్రోలర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. ఆ పట్టికా, కంట్రోలర్‌ని నడిపించే ఫర్మ్‌వేర్‌లో చాలా భాగమూ అదే మెమరీ చిప్‌లో ఓ మూల కేటాయించిన బ్లాకుల్లో ఉంటాయి. రాస్తూ ఉండగా లాగేసినా, కరెంటు పోయినా ఆ మూల చెడొచ్చు. అప్పుడు కంట్రోలర్ పుట్టుకతో తనలో ఉన్న చిన్న ప్రోగ్రాంతో మాత్రమే లేస్తుంది. సైజు సున్నా అంటుంది, డిస్క్ పెట్టమంటుంది, తన పేరు కూడా వేరేది చెబుతుంది. మెమరీ మాత్రం నిక్షేపంగా ఉంటుంది! అలాంటిదాన్ని చెత్తబుట్టలో వేయమంటావా?

ఆడపడుచు: అడంగల్ అన్నావు కాబట్టి మిగతాది కూడా నువ్వే చెప్పాల్సింది. ఎంపీటూల్ కాలిపోయిన అడంగల్‌ని తిరిగి రాయదు. ఉన్న పైరంతా దున్నేసి, గట్లు చెరిపి, మొదటి నుంచి కొలిచి, చవిటి నేలని పక్కన పెట్టి, మిగిలినదానికి కొత్త నంబర్లు వేస్తుంది. బ్లాకులన్నీ చెరిపేస్తుంది వదినా. విండోస్‌లో క్విక్ ఫార్మాట్ కొట్టిన డిస్కులోంచి నేను చాలావరకు వెనక్కి తీయగలను. చెరిపేసిన ఫ్లాష్ బ్లాకులో నిలవ ఉన్న విద్యుదావేశమే ఖాళీ అయిపోతుంది. ఆ తర్వాత పీసీ-3000 ఫ్లాష్ లాంటి ఖరీదైన పరికరం ముందున్నా చదవడానికి ఏమీ ఉండదు. అదే నువ్వు టూల్ నడపకముందు తెస్తే, మెమరీ చిప్‌ని వేడిగాలితో ఊడదీసి, రీడర్‌లో పెట్టి ముడి డేటా చదువుతాం. కంట్రోలర్ కలిపిన గజిబిజిని విప్పి, తప్పుల్ని సరిచేసి, ఆ పట్టికని మళ్లీ కడతాం.

(గజిబిజి అన్నది ఊరికే అన్న మాట కాదు. మెమరీలో పక్కపక్క గడుల్లో ఒకే రకం విలువలు వరసగా పడితే ఒకదాని ఆవేశం ఇంకొకదాన్ని కదిలిస్తుంది. అందుకని కంట్రోలర్ రాసేముందే డేటాని ఒక పద్ధతి ప్రకారం కలగాపులగం చేస్తుంది. దానికి తప్పులు దిద్దే సంకేతాలు జోడించి పేజీ చివర అదనపు చోటులో పెడుతుంది. ఏ కంట్రోలర్ ఏ పద్ధతి వాడిందో తెలియకపోతే, ఊడదీసిన చిప్‌లోంచి వచ్చేది అర్థంలేని అంకెల కుప్పే. రికవరీకి అంత డబ్బు ఎందుకు తీసుకుంటారో ఇక్కడ తెలుస్తుంది.)

వదిన: ఆ ఖర్చు ఎంతమంది పెట్టుకోగలరు? కొత్త పెన్‌డ్రైవ్ కొనడానికే వెనకాడే పిల్లాడు నా షాపుకి వస్తాడు. వాడికి నీ లెక్క చెబితే అక్కడే వదిలేసి పోతాడు. డేటా మీద ఆశ వదులుకున్నాక, వస్తువునైనా వాడికి వెనక్కి ఇవ్వనీ.

ఆడపడుచు: సున్నా సైజు చూపించేవాటి విషయంలో, వాళ్లు నిజంగా వదులుకున్నాక, నేనేమీ అనను. నా గొడవ రెండోరకంతో. డిస్క్ రైట్ ప్రొటెక్టెడ్ అని చెబుతూ, తెరిస్తే ఫైళ్లన్నీ కనబడుతూ, ఒక్క ఫైలు కూడా రాయనివ్వని, చెరపనివ్వని పెన్‌డ్రైవ్ ఉంటుంది చూడు.

వదిన: అవే ఎక్కువ. వాటి కోసం జనం పడని పాట్లు లేవు. డిస్క్‌పార్ట్‌లో రీడ్‌ఓన్లీ గుర్తు తీసేయమని ఒకరు, రిజిస్ట్రీలో రైట్‌ప్రొటెక్ట్ విలువ సున్నా చేయమని ఒకరు చెబుతారు. అవన్నీ విండోస్ వైపు పెట్టుకున్న గుర్తులు. తాళం పడింది కంట్రోలర్ దగ్గర. అక్కడ ఫర్మ్‌వేర్ తిరగరాస్తే గానీ అది ఊడదు. ఎంపీటూల్‌తో ఊడుతుంది.

ఆడపడుచు: ఎందుకు పడిందా తాళం అని ఆలోచించావా?

వదిన: చెడిన బ్లాకులకి బదులు పెట్టుకునే నిల్వ అయిపోయి ఉంటుంది.

ఆడపడుచు: అదీ సంగతి. ఫ్లాష్ మెమరీ పుట్టుకతోనే కొన్ని చెడ్డ బ్లాకులతో వస్తుంది. వాడేకొద్దీ ఇంకొన్ని చెడతాయి. వాటి బదులు వాడుకోవడానికి కంట్రోలర్ కొన్ని బ్లాకులు మిగుల్చుకుంటుంది. ఆ మిగులు అయిపోయిందనుకో, లేదా తప్పులు తన దిద్దుబాటు శక్తికి మించిపోతున్నాయని గమనించిందనుకో, "ఇక నేను భద్రంగా రాయలేను, ఉన్నది మాత్రం చూపిస్తాను" అని చాలా కంట్రోలర్లు రాయడం ఆపేస్తాయి. పెన్‌డ్రైవ్‌కి వచ్చే జబ్బుల్లో మనిషికి మేలు చేసే జబ్బు ఇదొక్కటే. డేటా ఇంకా చదవడానికి వస్తోంది, పాడైపోయే దారిలో ఉన్నానని వస్తువు తనంతట తనే చెబుతోంది. ఆ క్షణంలో చేయాల్సింది కాపీ తీసుకోవడం. ముందు లైనక్స్‌లో డీడీరెస్క్యూతో మొత్తం ఇమేజ్ తీయాలి, మొరాయించిన చోట్లకి చివర్లో మళ్లీ వెళ్లాలి. జనం చేసేది దానికి పూర్తిగా తలకిందులు. తాళాన్నే జబ్బనుకుని, దాన్ని పగలగొట్టే టూల్ వెతుక్కుంటారు. దొరికితే తాళంతో పాటు ఫైళ్లూ పోతాయి.

వదిన: ఇది ఒప్పుకుంటాను. రైట్ ప్రొటెక్ట్‌తో వచ్చినదానికి ముందు ఇమేజ్ తీయడమే పద్ధతి. ఇక మీద ఎవరేమన్నా, పాటలే అన్నా సరే, నేను తీసి పెడతాను. కానీ తీశాక? బ్లాకుల్లో సగానికి పైగా ఇంకా మంచివే అయినప్పుడు?

ఆడపడుచు: మంచివని ఎవరు చెప్పారు?

వదిన: టూల్ స్కాన్ చేసి చెబుతుంది. నువ్వు ఎంపీటూల్‌ని ఏదో దొంగచాటు వస్తువులా చూస్తున్నావు. అది ఫ్యాక్టరీలో వాడే అసలు సిసలు పరికరం. మాస్ ప్రొడక్షన్ కోసమే దాన్ని రాశారు, ఒకేసారి ఎన్నో పోర్టులకి ఖాళీ పెన్‌డ్రైవ్‌లు తగిలించి నడుపుతారు. ముందు బర్నర్ అనే చిన్న ప్రోగ్రాంని కంట్రోలర్‌లోకి పంపుతుంది. అది ప్రతి బ్లాకునీ చెరిపి, రాసి, చదివి, ఎన్ని బిట్లు తప్పాయో లెక్కపెడుతుంది. హద్దు దాటిన బ్లాకుని జాబితాలోకి ఎక్కిస్తుంది. తర్వాత ఫర్మ్‌వేర్ రాసి, మిగిలిన మంచి బ్లాకుల లెక్కన సైజు ఖాయం చేస్తుంది. కొత్త పెన్‌డ్రైవ్ పుట్టేదే ఈ పని వల్ల. కంట్రోలర్ అసలు పలకకపోతే, పాతకాలపు రెండువైపులా కాళ్లున్న మెమరీ చిప్‌లో 29, 30 నంబర్ల కాళ్లని పట్టకారుతో కలిపి పట్టుకుని కంప్యూటర్‌కి తగిలిస్తాం. అవి డేటా కాళ్లు. కలిపి ఉంచినంతసేపు మెమరీలో ఉన్న చెడ్డ ఫర్మ్‌వేర్ కంట్రోలర్‌కి చదవడానికి రాదు, టెస్ట్ మోడ్‌లో లేస్తుంది. అప్పుడు వదిలేస్తే టూల్ దాన్ని గుర్తుపడుతుంది. ఈ పని ఎన్నిసార్లు చేసినా, దీపం వెలిగిన క్షణం నాకు ఇప్పటికీ సంతోషమే.

ఆడపడుచు: ఆ సంతోషం నాకూ తెలుసు వదినా. కానీ హద్దు ఎవరు పెట్టారన్నదే ప్రశ్న. ఎన్ని తప్పు బిట్లదాకా మంచి బ్లాకు అనుకోవాలో ఆ టూల్ సెట్టింగ్స్‌లో ఒక అంకె. దాన్ని పెంచితే సైజు పెరుగుతుంది, నమ్మకం తగ్గుతుంది. 1987లో తోషిబాలో పనిచేసే ఫుజియో మసువోకా నాండ్ ఫ్లాష్‌ని లోకానికి చూపించినప్పుడు ఒక గడిలో ఒకే బిట్ ఉండేది. ఇప్పుడు టీఎల్‌సీ రకంలో మూడు, క్యూఎల్‌సీ రకంలో నాలుగు. మూడు బిట్లంటే ఒకే గడిలో ఎనిమిది వోల్టేజీ మెట్లు, నాలుగంటే పదహారు. మెట్లు ఇరుకైనకొద్దీ కొంచెం ఆవేశం కారిపోయినా విలువ మారిపోతుంది. ఒక బిట్ గడి సుమారు లక్షసార్లు చెరిపి రాసినా తట్టుకునేది. మూడు బిట్ల గడికి ఆ లెక్క వేయికి అటూఇటూగా దిగింది. పైగా చవక పెన్‌డ్రైవ్‌లలోకి పెద్ద కంపెనీల పరీక్షలో నెగ్గని మెమరీ కూడా వస్తుంది. నువ్వు ఈ రోజు స్కాన్ చేస్తే ఈ రోజు రాసింది ఈ రోజు చదవగలమని తెలుస్తుంది. మూడు నెలలు అల్మరాలో ఉంటే చదవగలమా అన్నది ఆ స్కాన్ చెప్పదు. వేసవిలో కారు డాష్‌బోర్డ్‌లో పెట్టి వదిలేస్తే ఆవేశం ఇంకా త్వరగా కారిపోతుంది.

వదిన: కొత్తదానికీ ఆ ప్రమాదం ఉందిగా. కొత్తది కొన్నవాడికి నువ్వు ఈ హెచ్చరిక చేస్తావా?

ఆడపడుచు: చేస్తాను. పెన్‌డ్రైవ్ అన్నది ఇక్కడి నుంచి అక్కడికి మోసుకెళ్లడానికే. దాచుకోవడానికి కాదు.

వదిన: సరే, ఇంకో కోణం చూడు. సైజు మోసం సంగతి. మెమరీ ఎనిమిదో పదహారో జీబీ ఉంటుంది, డొప్ప మీద ఒక టీబీ అని, రెండు టీబీ అని ఉంటుంది. విండోస్ కూడా రెండు టీబీ అనే చూపిస్తుంది. నిజమైన మెమరీ నిండాక రాసినవన్నీ గాలిలో కలిసిపోతాయి, లేదా ముందు రాసినవాటి మీదే పడతాయి. ఫైల్ పేర్లు కనబడతాయి, తెరిస్తే ఏమీ ఉండదు. జర్మనీలో సీటీ అనే కంప్యూటర్ పత్రిక వాళ్లు ఇచ్చిన హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూతో మొత్తం నింపి చదివితే గుట్టు బయటపడుతుంది, లైనక్స్‌లో ఎఫ్‌3 ఉంది. కనిపెట్టాక ఏం చేయాలి? అక్కడ నా ఎంపీటూల్ కావాలి. స్కాన్ చేసి, ఉన్న ఎనిమిది జీబీనే ఎనిమిదిగా చూపించేలా రాస్తాను. అబద్ధం చెప్పే వస్తువు నిజం చెప్పే వస్తువుగా మారుతుంది. దీంట్లో తప్పేముంది?

ఆడపడుచు: ఏమీ లేదు. నీ పనుల్లోకెల్లా నేను మెచ్చేది ఇదే. కానీ ఆ అబద్ధాన్ని మొదట రాసింది ఏ పరికరం?

వదిన: అదే ఎంపీటూల్. కావాలంటే సైజుని చేత్తో టైపు చేయనిస్తుంది కాబట్టి.

ఆడపడుచు: అందుకే ఈ టూల్‌ని గురించి నిశ్చింతగా ఉండలేను. సైజు, పేరు, తయారీదారు సంఖ్య, సీరియల్ నంబరు, అన్నీ మార్చి రాయనిస్తుంది. ఇది ఫ్యాక్టరీ గోడ లోపల ఉండాల్సిన పరికరమని నువ్వే అన్నావు. తైవాన్‌లోని ఫైసన్‌గానీ సిలికాన్ మోషన్‌గానీ దీన్ని మనకోసం విడుదల చేయలేదు. ఎక్కడో జారి, చేతులు మారి, రష్యాలోనూ చైనాలోనూ ఔత్సాహికులు పోగేసి పెట్టినవి దించుకుంటున్నావు. మధ్యలో ఎవరు ఏం కలిపారో నీకు తెలుసా? ఆ టూల్‌ని అడ్మినిస్ట్రేటర్ హక్కులతో నడుపుతావు, యాంటీవైరస్ అరిస్తే ఆపేస్తావు. 2014 ఆగస్టులో బ్లాక్‌హ్యాట్ సదస్సులో కార్స్టన్ నోల్, యాకోబ్ లెల్ యూఎస్‌బీ కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌ని మార్చి పెన్‌డ్రైవ్‌ని కీబోర్డులా నటింపజేశారు. తగిలించగానే అది తనంతట తను ఆదేశాలు టైపు చేసింది. అదే ఏడాది మరికొద్ది వారాలకి ఆడమ్ కాడిల్, బ్రాండన్ విల్సన్ డెర్బీకాన్‌లో ఫైసన్ పీఎస్2251-03 కంట్రోలర్ మీద ఆ పని చేసి చూపించి, కోడ్ కూడా బయటపెట్టారు. ఫర్మ్‌వేర్ తిరగరాయడానికి ఏ అడ్డూ లేకపోవడం వల్లే అదంతా సాధ్యమైంది. నీకు రిపేరుకి పనికొచ్చే తలుపూ అదే.

వదిన: ఆ తలుపు నేను తెరవలేదు, కంపెనీలే తెరిచి అలాగే వదిలేశాయి. కోడ్ మీద సంతకం ఉండాలని, సంతకం సరిపోతేనే ఫర్మ్‌వేర్ తీసుకోవాలని వాళ్లు కట్టడి పెట్టొచ్చు. ఆ కట్టడితో పాటు రిపేరు చేసేవాళ్లకి సరైన టూల్ నేరుగా ఇవ్వొచ్చు. రెండోది చేయరు, అందుకే మేం జారిపోయిన వాటిని పట్టుకు తిరుగుతున్నాం. 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది. ఫోన్లు, ట్రాక్టర్లు, కార్లు, ఇంటి వస్తువుల మాట అందులో ఉంది. ఈ వేలెడంత వస్తువు గురించి అడిగేవాళ్లే లేరు. ఇక భద్రత అంటావా, నేను ఎంపీటూల్ నడిపే ల్యాప్‌టాప్ వేరు. పాత విండోస్ 7 మెషిన్. దానికి ఇంటర్నెట్ లేదు, బిల్లులు లేవు, కస్టమర్ల ఫైళ్లు లేవు. చెడిపోతే మొత్తం తుడిచి ఇమేజ్ నుంచి మళ్లీ ఎక్కిస్తాను.

ఆడపడుచు: అది మంచి జాగ్రత్త. ఇంట్లో కూర్చుని ఒక్క పెన్‌డ్రైవ్ కోసం ఈ టూల్ దించుకునేవాడికి వేరే ల్యాప్‌టాప్ ఎక్కడిది? బ్యాంకు లాగిన్ ఉన్న మెషిన్ మీదే నడుపుతాడు. నీలాంటి వాళ్ల దగ్గరికి తీసుకెళ్లమనే చెబుతాను వాడికి.

వదిన: అంటే నా పని ఉండాలనే కదా.

ఆడపడుచు: ఉండాలి. సున్నా చూపించేవి, డేటా అక్కర్లేదని ఖాయమైనవి, సైజు అబద్ధం చెప్పేవి నువ్వు బాగుచెయ్యి. బ్లాకులు అరిగిపోయి తాళం వేసుకున్నవి మాత్రం, ఇమేజ్ తీశాక, వదిలెయ్యమంటాను. 32 జీబీది 20గా దిగివచ్చినా అందులో మిగిలినవి అంతే అరిగిన బ్లాకులు. కంట్రోలర్ అరుగుదలని అన్ని బ్లాకులకీ సమంగా పంచుతూ వచ్చి ఉంటుంది కదా. కొన్ని పోయాయంటే మిగతావీ దగ్గర్లోనే ఉన్నాయి.

వదిన: చవక కంట్రోలర్లు అంత సమంగా పంచవు. ఒక్క మూలే మళ్లీ మళ్లీ రాసి అరగదీసి, మిగతాది ముట్టుకోనివి నా చేతుల మీదుగా వెళ్లాయి. టూల్ ఇచ్చే బ్లాకుల పటంలో ఎర్రచుక్కలన్నీ ఒకేచోట గుంపుగా ఉంటే, ఆ గుంపు తీసేశాక మిగిలింది పనికొస్తుంది. పటమంతా చల్లినట్టుంటే నువ్వన్నట్టే పారేస్తాను. చూడకుండా పారేయమంటే మాత్రం నేను వినను.

ఆడపడుచు: పటం చూసి నిర్ణయించడం నాకు సమ్మతమే. అయితే ఆ పటాన్ని నువ్వొక్కదానివే చూసి ఊరుకోకూడదు. స్కాన్‌లో ఎన్ని చెడ్డ బ్లాకులు వచ్చాయో, ఏ తప్పుల హద్దు పెట్టి నడిపావో, అసలు సైజు ఎంత, ఇప్పుడెంత, బిల్లు మీద రాసివ్వు. మొత్తం నింపి హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూతో చదివాక వెంటనే ఇచ్చేయకు. అలాగే నింపి ఉంచి, నెల రోజులు పక్కన పెట్టి, మళ్లీ చదివి చూడు.

వదిన: నెల రోజులు ఎవరాగుతారు? వారం అంటే చెప్పగలను.

ఆడపడుచు: వారంలో ఏమీ తేలదు వదినా.

వదిన: ఆగనివాళ్లకి బిల్లు మీద "నెల పరీక్ష చేయలేదు" అని రాసి, కింద వాళ్ల చేత సంతకం పెట్టించుకుంటాను. ఆగేవాళ్లకి నువ్వన్నట్టే చేస్తాను. ఇప్పుడు ఆ తప్పుల హద్దు ఎంత పెట్టాలో చెప్పు. సిలికాన్ మోషన్ వాటికి ఒకలా, ఫస్ట్‌చిప్ వాటికి ఒకలా ఉంటుంది. నువ్వు చిప్‌లు ఊడదీసి చదివినప్పుడు ఏది ఎన్ని బిట్లదాకా తట్టుకుందో నీ దగ్గర రాసి ఉంటుంది కదా, అది పంపించు.